చేపలతొట్టికి వడపోత

మానవునకు గాలి యెట్టిదో చేపకు నీరు అట్టిది. మనము గాలిలో నివసించుచు గాలినే పీల్చుచున్నట్లు, చేప నీటిలో నివసించుచు, ఆ నీటిలో కరగియున్న ప్రాణవాయువును మొప్పల ద్వారా గ్రహించుచున్నది. ఆ నీటియందే అది భుజించును. ఆ నీటియందే విసర్జించును. చెరువులో నున్నంతవరకు దీనివలన దానికి బాధ లేదు. చెరువు విశాలమైనది. వాననీరు వచ్చి చేరును; అలుగు పారును; గాలికి అలలు లేచును; ఒడ్డున తుంగ పెరుగును. చెరువును కడుగువారెవ్వరును లేరు. ఐనను చేపలు తరతరములుగా అందు జీవించుచున్నవి. అదే చేపను తెచ్చి గాజుతొట్టిలో నుంచినచో, చెరువు చడిచప్పుడు లేక చేయుచుండిన పనులన్నియు మన మీద పడును. వానిలో ముఖ్యమైనది నీటిని శుద్ధిచేయుట. దానికై యేర్పడిన సాధనమే వడపోత యంత్రము. దీనినే ఫిల్టరు అందురు.

దుకాణములలో పలురకముల ఫిల్టరు లుండును. చిన్నవి కలవు, పెద్దవి కలవు. తొట్టి లోపల మునుగునవి కలవు, వెలుపల తగిలించునవి కలవు. వీనిలో దేనిని కొనవలెను? ఇది రూపాయల ప్రశ్న మాత్రమే కాదు. చేపల ప్రాణముల ప్రశ్న. దీనిని తెలిసికొనుట కొక యుదాహరణము చూతము.

వికారాబాదు జిల్లాలో దౌల్తాబాదు ఒక మండల కేంద్రము. అచ్చట ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలుడొకడు తండ్రితో కూడ తాండూరు బజారునకు పోయి, ఒక గాజుతొట్టిని, పది చేపలను, ఒక ఫిల్టరును కొనితెచ్చెననుకొందము. ఆ సాయంకాలమే తొట్టి నిండ నీరు పోసి, అడుగున గులకరాళ్ళు పరచి, చేపలను విడిచెను. ఫిల్టరు గిఱ్ఱున తిరుగుచుండెను. నీరు అద్దమువలె తళతళలాడుచుండెను. ఇరుగు పొరుగు పిల్లలు వచ్చి చూచి ఆనందించిరి. నాలుగవ దినమున చేపలు నీటి పైభాగమునకు వచ్చి నోళ్ళు తెరచుట మొదలిడెను. ఐదవ దినమున రెండు చేపలు చనిపోయెను. బాలుడు కలతచెంది, తొట్టిలోని నీటినంతయు పారబోసి, గులకరాళ్ళను తోమి, ఫిల్టరులోని స్పాంజిని నల్లా క్రింద పట్టి తెల్లబడునంతవరకు పిండి, మరల క్రొత్తనీరు నింపెను. వారము తిరుగకముందే మరి నాలుగు చేపలు చనిపోయెను.

సెలవులకు ఇంటికి వచ్చిన అక్కను ఆ బాలుడు కన్నీటితో నడిగెను. ఆమె కళాశాలలో విజ్ఞానశాస్త్రము చదువుచున్నది.

“అక్కా! నీళ్ళు ఇంత తేటగా నున్నవి గదా! ఫిల్టరును కూడ శుభ్రముగ కడిగితిని. చేపలు ఏల చచ్చిపోవుచున్నవి?”

“తమ్ముడూ! నీవు కడిగినందుననే చచ్చిపోయినవి. తేటనీరు వేరు, మంచినీరు వేరు. నీటిలో కంటికి కనబడని విషమొకటి కలదు. దానిని హరించు కాపరులను నీవే నల్లా క్రింద కడిగి పంపివేసితివి” అని ఆమె చెప్పెను.

ఆ విషమేది? ఆ కాపరులెవరు?

చేపలు మొప్పల ద్వారా అమ్మోనియా అను పదార్థమును ఎల్లప్పుడును విసర్జించుచుండును. తినగా మిగిలిన మేత క్రుళ్ళినప్పుడును ఇదియే పుట్టును. దీనికి రంగు లేదు. నీటిలో కరగిపోవును గనుక ఎంత సన్నని గుడ్డలో వడపోసినను చిక్కదు. ఇది కొలదిగ పెరిగినను చేపల మొప్పలు దెబ్బతినును, ఊపిరి యాడదు. చెరువులో ఈ అమ్మోనియా విస్తారమైన నీటిలో పలుచబడును; కొంత మొక్కలకు ఆహారమగును; తక్కినదానిని మట్టిని, రాళ్ళను అంటిపెట్టుకొని జీవించు సూక్ష్మజీవులు మార్చివేయును. ఒక జాతి సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగా మార్చును. నైట్రైటు కూడ విషమే. మరియొక జాతి దానిని నైట్రేటుగా మార్చును. నైట్రేటు చాలవరకు నిరపాయకరము, మొక్కలకు ఎరువు. ఈ రెండు జాతులే నీటిని కాచు కాపరులు.

ఈ రహస్యము తెలిసిన వైనము మిక్కిలి ఆసక్తికరమైనది. లండను నగరమున రాబర్టు వారింగ్టను అను రసాయన శాస్త్రజ్ఞు డుండెను. ఆయన ఒక పాత్రలో రెండు బంగారు చేపలను, వాలిస్నేరియా అను నీటిమొక్కను ఉంచి పరీక్షించెను. ఆకులు క్రుళ్ళి పాచి పెరుగగా, దానిని తినుటకై నత్తలను కూడ విడిచెను. చేపలు, మొక్కలు, నత్తలు ఒకదానికొకటి తోడ్పడుచు, నీరు మార్చకున్నను చిరకాలము జీవించుటను గమనించి, 1850వ సంవత్సరమున ఆ సంగతిని శాస్త్రజ్ఞులకు వెల్లడించెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలయందు ప్రజలు చూచుటకై చేపల గృహము తెరువబడెను. మరుసటి సంవత్సరమున ఫిలిప్ హెన్రీ గాస్ వ్రాసిన గ్రంథముతో అక్వేరియము అను పేరు వ్యాప్తిలోనికి వచ్చెను.

కాని నీటిలోని అమ్మోనియా ఏమగుచున్నదో అప్పటికి తెలియదు. 1877లో ఫ్రాన్సు దేశమున శ్లేసింగు, మ్యూంట్జు అను నిరువురు శాస్త్రజ్ఞులు ఇసుకయు సున్నపురాతి పొడియు నింపిన పొడవైన గొట్టములో మురుగునీటిని మెల్లమెల్లగ పోసిరి. కొన్ని దినముల వరకు ఏ మార్పును లేదు. తరువాత అడుగునుండి దిగు నీటిలో అమ్మోనియాకు బదులు నైట్రేటు కనబడెను. గొట్టములోనికి క్లోరోఫారము ఆవిరి పంపగనే ఆ మార్పు నిలిచిపోయెను. క్లోరోఫారము ప్రాణులను స్తంభింపజేయును గాని ఇసుకను ఏమి చేయగలదు? కావున ఆ పని చేయుచున్నది ఇసుక కాదనియు, ఇసుకలోని ప్రాణులనియు తేలెను. పిమ్మట ఈ మార్పు రెండు మెట్లలో జరుగుచున్నదని కనుగొన్నవారిలో వారింగ్టను కుమారుడొకడు. అతని పేరును రాబర్టు వారింగ్టనే. తండ్రి చేపలతొట్టికి దారి చూపగా, తొట్టిలో జరుగు మార్పును కుమారుడు ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనాలయమున పొలముల మట్టియందు శోధించెను. రష్యా దేశీయుడైన వినోగ్రాడ్స్కీ సుమారు 1890లో ఆ సూక్ష్మజీవులను వేరుచేసి చూపెను.

ఇట్టి జీవముగల వడపోత మనకును క్రొత్తది కాదు. దౌల్తాబాదు ఉన్న వికారాబాదు జిల్లాలోనే, అనంతగిరి కొండలలో, మూసీనది పుట్టుచున్నది. 1908లో ఆ నదికి వచ్చిన ఘోరమైన వరద హైదరాబాదును ముంచెత్తెను. తరువాత నగరమునకు ఎగువన దానిపై కట్టిన ఉస్మాన్‌సాగరు 1920లో పూర్తియయ్యెను. అది వరదను ఆపుటయే గాక త్రాగునీటిని గూడ నొసగెను. జలాశయముల నీటిని నగరములకు పంపుటకు ముందు ఇసుక పొరల గుండ వడపోయుట వాడుక. లండనులో జేమ్సు సింప్సను అను ఇంజనీరు 1829లోనే థేమ్సు నది నీటిని ఇట్లు ఇసుకలో మెల్లగ వడపోయు ఏర్పాటు చేసెను. అట్టి ఇసుకపై కొన్ని దినములకు జిగురువంటి సన్నని పొర యేర్పడును. అది మురికి కాదు, సూక్ష్మజీవుల సముదాయము. నీటిని శుద్ధిచేయుటలో దానికి పెద్ద పాలు గలదు. చేపలతొట్టి ఫిల్టరులోని స్పాంజికి పట్టు గోధుమవర్ణపు జిగురును అట్టిదే.

కావున ఫిల్టరు చేయు పనులు మూడు. మొదటిది, తేలియాడు చెత్తను పట్టుట. దీనిని స్పాంజియు దూదియు చేయును. రెండవది, సూక్ష్మజీవులకు నివాసమిచ్చుట. స్పాంజిలోని రంధ్రములు, పింగాణీతో చేసిన చిన్న యుంగరములు ఇందులకు పనికివచ్చును. మూడవది, రంగును, వాసనను తీయుట. ఇది శుద్ధిచేసిన బొగ్గు పని. కొన్ని వారములకు దాని శక్తి ఉడిగిపోవును గనుక మార్చవలసియుండును. ఈ మూడింటిలో రెండవదే ప్రధానము. ఫిల్టరు కొనుట యనగా మోటారు కొనుట కాదు. కాపరులకు ఇల్లు కట్టుట.

ఇక ఫిల్టర్లలో రకములు. అన్నిటికంటె సామాన్యమైనది స్పాంజి ఫిల్టరు. దీనికి గాలిపంపు కావలెను. గాలిబుడగలు గొట్టములో పైకి లేచుచు నీటిని స్పాంజి గుండ లాగుకొనిపోవును. ధర తక్కువ, ప్రవాహము మెల్లన. రెండవది నీటిలో మునిగియుండు మోటారు ఫిల్టరు. మూడవది తొట్టి వెనుక అంచునకు తగిలించునది. ఇది నీటిని పైకి తోడి, స్పాంజి మీదుగా పారించి, చిన్న జలపాతమువలె తిరిగి తొట్టిలో పడవేయును. నాలుగవది కానిస్టరు ఫిల్టరు. ఇది తొట్టి క్రింద నుంచు మూసిన డబ్బా. దానిలో ఎక్కువ స్పాంజి పట్టును గాని ధర హెచ్చు. పెద్ద తొట్లకే తగును.

ఈ మోటార్ల నిర్మాణము చూడదగినది. తీగచుట్టను గట్టి లక్కవంటి పదార్థములో పూర్తిగ కప్పివేయుదురు. నీరు దానిని తాకదు. నీటిలో తిరుగునది రెక్కలు అమర్చిన అయస్కాంతము మాత్రమే. మన యిండ్లకు వచ్చు విద్యుత్తు క్షణమునకు 50 ఆవృత్తులు గలది. దానివలన తీగచుట్ట యొక్క అయస్కాంత ధ్రువములు మారుచుండగా, రెక్కల అయస్కాంతము క్షణమునకు 50 మారులు తిరిగి నీటిని త్రోయును.

ఇప్పుడు తగిన ఫిల్టరును ఎన్నుకొనుటకు మనల మనము కొన్ని ప్రశ్నలు వేసికొనవలెను.

మొదటి ప్రశ్న: తొట్టిలో నీ రెంత? మన బాలుని తొట్టి 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు గలది. ఈ మూడింటిని గుణించిన 54,000 ఘన సెంటీమీటర్లు, అనగా 54 లీటర్లు. గులకరాళ్ళును, పైన విడిచిన ఖాళీయు పోగా సుమారు 45 లీటర్లు. తొట్టిలోని నీరంతయు గంటకు నాలుగు మొదలు ఆరు మారులు ఫిల్టరు గుండ పోవుట మంచిదని అనుభవజ్ఞుల మాట. ఆ లెక్కను గంటకు 180 మొదలు 270 లీటర్లు. డబ్బాపై అచ్చువేసిన సంఖ్య సాధారణముగ స్పాంజి లేక కొలిచినది. స్పాంజి యుంచి, దానికి మురికి పట్టిన కొలది ప్రవాహము తగ్గును. కావున 300 లీటర్లని వ్రాసిన ఫిల్టరు ఈ తొట్టికి సరిపడును.

రెండవ ప్రశ్న: చేప లెట్టివి? పెద్ద మోటారే మంచిదని తలచరాదు. ఫైటరు చేప రెక్కలు పొడవు, ఈత మెల్లన. ప్రవాహపు వేగమునకు అలసి మూల చేరును. దానికి స్పాంజి ఫిల్టరే మేలు. భారతదేశపు వాగులలో పుట్టిన జీబ్రా డేనియో చేప పారు నీటిని ఇష్టపడును. బంగారు చేప పెద్దదిగ ఎదుగును, ఎక్కువగ విసర్జించును. కావున దానికి చిన్న తొట్టి పనికిరాదు, పెద్ద ఫిల్టరు కావలెను. తెలంగాణ రాష్ట్ర మత్స్యమైన కొరమేను నీటి పైకి వచ్చి గాలిని పీల్చగలదు. తక్కిన చేపలనేకములకు ఆ శక్తి లేదు. అవి పైకి వచ్చి నోళ్ళు తెరచినచో అది ఆట కాదు, ఆపద యని గ్రహింపవలెను.

మూడవ ప్రశ్న: స్పాంజికి చోటెంత? ఒకే ప్రవాహము గల రెండు ఫిల్టర్లలో ఎక్కువ స్పాంజి పట్టునదే మేలైనది. ఇల్లు ఎంత విశాలమో కాపరులంత మంది. స్పాంజిని సులభముగ తీసి పెట్టుటకు వీలున్నదా, రెక్కల చక్రము విడిగా దొరకునా అనికూడ దుకాణములోనే విచారింపవలెను.

నాలుగవ ప్రశ్న: విద్యుత్తు నిలిచిన ఏమగును? ఈ ప్రశ్న మన యూళ్ళలో మరువరానిది. సూక్ష్మజీవులకును ప్రాణవాయువు కావలెను. మూసిన డబ్బాలో నీరు కదలక నిలిచినచో కొన్ని గంటలలో అవి చచ్చి క్రుళ్ళును. అట్టి ఫిల్టరు చాల సేపు ఆగినచో, మరల నడుపుటకు ముందు లోపలి నీటిని పారబోసి, తొట్టినీటితో స్పాంజిని తడిపి కడుగవలెను. తొట్టి లోపలనే యుండు స్పాంజికి ఈ భయము తక్కువ. ఎండకాలమున ఆపద మరింత హెచ్చు. 20 డిగ్రీల వేడిమిగల నీటిలో లీటరునకు సుమారు 9 మిల్లిగ్రాముల ప్రాణవాయువు కరగగా, 30 డిగ్రీల నీటిలో సుమారు ఏడున్నర మిల్లిగ్రాములే కరగును. కరెంటు పోయినప్పుడు మేత వేయక, చెంబుతో నీటిని ముంచి కొంచెమెత్తునుండి మరల పోయుచుండిన చేపలకు ఊరట కలుగును.

ఐదవ ప్రశ్న: ఖర్చెంత? 5 వాట్ల మోటారు దినమునకు 24 గంటలు చొప్పున 30 దినములు నడచిన 3,600 వాట్-గంటలు, అనగా మూడున్నర యూనిట్లకు కొంచెము పైన. ఈ స్వల్పమైన ఖర్చునకు వెరచి రాత్రులందు ఫిల్టరును ఆపుట కూడదు. చేపకును, సూక్ష్మజీవికిని రాత్రి యందు శ్వాస ఆగదు గదా!

తాండూరు ప్రాంతమువారు గమనింపవలసిన దింకొకటి కలదు. అచ్చటి బండలు ఇండ్ల నేలలకు పేరుపొందినవి. అవి సున్నపురాతి జాతివి. సున్నపురాతి పొరలలో నూరిన నీరు కఠినమైనది, క్షారగుణము గలది. నీటిలో క్షారగుణము పెరిగిన కొలది అమ్మోనియా యొక్క విషము పెరుగును. క్షారమును సూచించు పిహెచ్ సంఖ్య 7 నుండి 8కి పెరిగినచో, విషరూపమున నుండు అమ్మోనియా సుమారు పదిరెట్లగును. కావున అట్టి నీటిలో చేపలను తక్కువగా, స్పాంజిని ఎక్కువగా ఉంచవలెను. అందముకొరకు రాళ్ళు వేయునప్పుడు వానిపై నిమ్మరసపు చుక్క వేసి చూడుడు. బుడగలు పొంగినచో అవి సున్నపురాళ్ళు. నీటి కాఠిన్యమును మరింత పెంచును.

తగిన ఫిల్టరును తెచ్చినంత మాత్రమున పని ముగియలేదు. క్రొత్త స్పాంజిలో కాపరులు లేరు. వారు వచ్చి స్థిరపడుటకు సాధారణముగ నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. ఆ కాలమున రెండు మూడు చేపలనే ఉంచి, మేత మితముగ వేసి, తరచుగ కొంత నీటిని మార్చుచుండవలెను. చాలకాలముగ నడచుచున్న తొట్టినుండి కొంచెము పాత స్పాంజిని తెచ్చి క్రొత్త ఫిల్టరులో నుంచిన ఈ కాలము తగ్గును. పాలను తోడుపెట్టుట వంటిదే ఇది. నల్లా నీటిలో క్రిములను చంపుటకై క్లోరిను కలుపుదురు. అది మనకు మేలు, మన కాపరులకు కీడు. కావున ఆ నీటిని వెడల్పైన పాత్రలో ఒక దినము నిలువయుంచి వాడవలెను. స్పాంజికి మురికి పట్టి ప్రవాహము తగ్గినప్పుడు, తొట్టినుండి తీసిన నీటిలోనే రెండు మూడు మారులు మెల్లగ పిండి మరల పెట్టవలెను. తెల్లబడవలెనని కోరరాదు.

మరియొక హెచ్చరిక. నీరును విద్యుత్తును ఒకచోట నుండుట అపాయకరము. తొట్టిలో చేయి పెట్టుటకు ముందు ఫిల్టరు తీగను ప్లగ్గునుండి తీసివేయవలెను. తీగ ప్లగ్గుకంటె క్రిందికి వ్రేలాడునట్లు ఉంచినచో, దాని వెంట జారు నీరు ప్లగ్గును చేరక నేలపై పడును. గాలిపంపును తొట్టిలోని నీటి మట్టముకంటె ఎత్తున ఉంచవలెను. లేనిచో కరెంటు పోయినప్పుడు నీరు గొట్టము వెంట పంపులోనికి దిగును.

దౌల్తాబాదు బాలుడు అక్క మాటలు విని, ఫిల్టరును విప్పి చూచెను. దాని మోటారు పెద్దది, స్పాంజి బొటనవ్రేలంత. దానిని మార్చి, చిన్న మోటారును పెద్ద స్పాంజియు గల ఫిల్టరును తెచ్చెను. మిగిలిన నాలుగు చేపలతోనే తృప్తిపడి, దినమున కొక చిటికెడు మేత వేసి, రెండు దినముల కొకసారి నిలువయుంచిన నీటితో నాలుగవ వంతు మార్చుచుండెను. నెలదినములు గడచెను. తెల్లని స్పాంజి గోధుమవర్ణము దాల్చెను. చేపలు మేతకై చురుకుగ ఎదురువచ్చుచుండెను. ఒకనాడు స్నేహితుడు వచ్చి, “ఇది ఇంత మురికిగా నున్నదేమి? కడుగరాదా?” యని యడుగగా, బాలుడు నవ్వి, “అది మురికి కాదు, నా చేపల కాపరుల ఊరు” అని బదులు చెప్పెను.

కంటికి తళతళలాడునదంతయు మంచిది కాదు. కంటికి మాసినదంతయు చెడ్డది కాదు. ఒక ప్రాణిని మన యింటికి తెచ్చుకొన్నప్పుడు, దాని బ్రతుకు వేనిపై ఆధారపడియున్నదో తెలిసికొనుట మన విధి. చెరువు ఆ సంగతిని ఎన్నడో ఎఱుగును. తొట్టిని పెట్టుకొన్న మనము దానిని నేర్చుకొనవలసియున్నది.